మోసీకీ సామోకీ తగవు లేదు

జనవరిలో ఒక సోమవారం పొద్దున పదిన్నరకి, వాగడూగూలో ధాన్యం అంగడి వెనక సందులో, దర్జీ తాసెరె బెలెమ్ తన పక్క షాపు మెకానిక్ గాస్పార్ తోయేని గజంబద్దతో నుదుటి మీద కొట్టాడు. ఎడమ కనుబొమ పైన చర్మం చిట్లింది. నెత్తురు కంట్లోకి కారింది. చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు.

బొబ్బరి గారెలు వేయించే పొకో మూకుడు వదిలేసి లేచి నిలబడింది.

“అదీ దెబ్బంటే! ఇవాళ మోసీల పరువు నిలబెట్టావు తాసెరె బాబాయ్!”

మోపెడ్‌కి గాలి కొట్టించుకోడానికి వచ్చినతను గాస్పార్‌ని చూసి, “కుక్క మాంసం బలం ఇంతేనటయ్యా?” అన్నాడు.

గాస్పార్ కూడా నవ్వాడు. నూనెగుడ్డ నుదుటికి అదుముకుని, “బానిస చేతికి బద్ద ఇవ్వకూడదని మా అమ్మ చెప్తూనే ఉండేది, విన్నానా?” అన్నాడు. జనం మళ్ళీ నవ్వారు.

తాసెరె నవ్వలేదు. బద్దకి అంటిన నెత్తురు తుడిచాడు. దాన్ని బల్ల మీద దాని చోట పెట్టి, మిషను ముందు కూర్చున్నాడు. ఇంత బాగా ఇంకెవరు నటించగలరు అనుకున్నారు అక్కడివాళ్ళు. గాస్పారూ అదే అనుకున్నాడు.

ఇంకొకలా అనుకోవడానికి వాళ్ళకి దారి లేదు. తాసెరె మోసీ జాతివాడు, గాస్పార్ సామో జాతివాడు. మోసీలకీ సామోలకీ మధ్య ఉన్నది వేళాకోళపు వరస. ఎప్పణ్ణించి అంటే ఎవరూ చెప్పలేరు. ముక్కూ మొహం తెలియని ఇద్దరైనా సరే, ఒకరు మోసీ ఒకరు సామో అని తెలిసిన క్షణం నించి ఒకర్నొకరు తిట్టుకోవాలి. మోసీ గాడిద తలకాయ తింటాడని సామో అంటాడు. సామో కుక్క తలకాయ తింటాడని మోసీ అంటాడు. నువ్వు నా బానిసవంటే నువ్వే నా బానిసవని ఇద్దరూ అంటారు. చావింట్లో కూడా ఇది చెల్లుతుంది. కోపం మాత్రం రాకూడదు. వస్తే తప్పు తిట్టినవాడిది కాదు, కోపం తెచ్చుకున్నవాడిది. కోపం వచ్చినట్టు నటించడం వేరు. అది ఆటలో భాగమే. ఎంత బాగా నటిస్తే ఆ మనిషికి అంత పేరు.

వాళ్ళిద్దరి స్నేహం మొదలైందే అలా. ఇరవై ఏళ్ళ పైమాట. గాస్పార్ సామోల ఊరు తోమా నించి వాగడూగూకి వచ్చి వారం దాటింది. ఒక రేకు కింద పానాలు పరుచుకుని కూర్చుంటున్నాడు. ఊళ్ళో ఎవరూ తెలియరు. పని చెప్పేవాళ్ళు వస్తున్నారు, పోతున్నారు, పేరైనా అడగడం లేదు. ఆ రోజు ఒక మనిషి ఆగిపోయిన మోపెడ్ నెట్టుకుంటూ వచ్చి, పేరడిగాడు.

“తోయే,” అన్నాడు గాస్పార్.

ఆ మనిషి హ్యాండిల్ పట్టుకుని బండి వెనక్కి లాగేసుకున్నాడు.

“ఆగాగు! సామోవా? ముట్టుకోకు నా బండి. కుక్క వాసన పట్టుకుంటే ఊరకుక్కలన్నీ దీని వెంట పడి చస్తాయి.”

గాస్పార్ పానా పక్కన పెట్టి లేచాడు. ఊళ్ళో తనకీ ఒక చుట్టం ఉన్నాడు.

“బండెందుకు నీకు? గాడిద ఏదీ? ఓహో, పొద్దున్నే పులుసు పెట్టుకుని ఉంటావు,” అన్నాడు.

సాయంత్రానికల్లా తాసెరె తన షాపు యజమానిని లాక్కొచ్చాడు. “నా బానిస దొరికాడు. పారిపోకుండా పక్కనే కట్టేసుకోవాలి. ఆ ఖాళీ కొట్టు వీడికిచ్చెయ్,” అన్నాడు. అప్పణ్ణించి గాస్పార్ అక్కడే ఉన్నాడు.

తాసెరె పెద్దకూతురికి పేరుపెట్టే రోజున, తెల్లవారుజామునే గాస్పార్ వెళ్ళి, విందుకి తెచ్చిన పొట్టేలుని విప్పుకొచ్చి తన కొట్లో దాచేశాడు. ఇమాము గారే స్వయంగా, మర్యాదకిచ్చే కోలాకాయలు పట్టుకుని విడిపించుకోడానికి వచ్చారు. “ఒక్క కాయకి ఒక్క కాలు,” అన్నాడు గాస్పార్. ఇమాము గారు గుమ్మంలో కూర్చుని బేరమాడారు. ఆ ఏడు పుట్టిన పిల్లకి ఇప్పుడు ఇద్దరు పిల్లలు. వాళ్ళకి ఆ కథ చెప్పకపోతే నిద్రపోరు.

గాస్పార్ పెళ్ళికి తాసెరె చర్చికి ఒక కుక్కపిల్లని తెచ్చాడు. దానికి కొలతలు తీసుకుని మరీ తెల్లకోటు కుట్టాడు. “విందుకి నా వంతు,” అని పెళ్ళికూతురి చేతుల్లో పెట్టాడు. ఫాదర్ ప్రార్థన ఆపి, గోడ వైపు తిరిగి నిలబడిపోయాడు. ఆయన భుజాలు కదలడం అందరికీ కనిపించింది. ఆ కుక్క ఆ సందులోనే పెరిగింది. సామో పెళ్ళికి వచ్చిన కుక్క మోసీ మిషను కింద పడుకుని ముసలిదై పోయింది.

పండగైనా, ఎవరింట్లో పిల్ల పరీక్ష తప్పినా, ఎవరికి జ్వరం వచ్చినా, మర్నాడు పొద్దున మొదటి తిట్టు పడందే ఆ సందులో తెల్లారేది కాదు. తాసెరె ముందు గొంతు సవరించుకునేవాడు. ఆ చప్పుడు వినగానే పొకో మంట తగ్గించేది.

మార్పు కిందటి ఎండాకాలంలో మొదలైంది. ఒక మధ్యాహ్నం తాసెరె మిషను ముందు కళ్ళు తిరిగి పక్కకి ఒరిగాడు. ఎడమచెయ్యి ఆ పూటంతా మొద్దుబారి ఉంది. మర్నాటికి సర్దుకుంది. ఎండదెబ్బ అన్నారు. కుట్టు చెడలేదు, మాట తడబడలేదు.

కాకపోతే గాస్పార్, “ఈ పూట ఏ గాడిదని మింగావురా?” అంటే, “నేను పొద్దున జొన్న సంకటి, బెండకాయ పులుసు తిన్నాను,” అన్నాడు తాసెరె.

గాస్పార్ పొట్ట పట్టుకుని నవ్వాడు. ఇరవై ఏళ్ళలో ఈ ఎత్తు ఎప్పుడూ వెయ్యలేదు వీడు. పొకో ఆ మాట అంగడంతా చెప్పుకొచ్చింది.

తర్వాత తాసెరె, “నేను బానిసని కాను, మా నాన్న రైతు,” అన్నాడు. తర్వాత, “నన్ను అలా అనొద్దు,” అన్నాడు. వర్షాలు వెళ్ళేసరికి అరవడం మొదలుపెట్టాడు. ధాన్యం అంగడి నించి కూలీలు పని ఆపి మరీ చూడ్డానికి వచ్చేవాళ్ళు. తాసెరె ముదిరాడని చెప్పుకునేవాళ్ళు. అతను ఎంత అరిస్తే గాస్పార్ అంత కొత్త తిట్టు వెతుక్కునేవాడు. ఇంత మంచి ఆటకి తను సరితూగాలి కదా అనుకునేవాడు.

సోమవారం దెబ్బ పడింది. ఆ వారం శుక్రవారం, నాబా గారి వాకిట్లోకి రమ్మని గాస్పార్‌కి కబురొచ్చింది. తాసెరె తన మీద ఫిర్యాదు చేశాడట. ఆ పేటకి పెద్ద నాబాయే. పొలం తగవైనా ఇంటి తగవైనా ఆయన ముందుకే వెళ్తుంది.

గాస్పార్ నుదుటి మీద పట్టీతో వెళ్ళాడు. వాకిట్లో అడుగు పెడుతూనే చుట్టూ చూసి, “నాబా, మీ గాడిద కనబడదేం? మధ్యాహ్నం వంటలోకి వెళ్ళిందా?” అన్నాడు. చాపల మీద కూర్చున్న పెద్దలు నవ్వారు. నాబా కూడా నవ్వాడు.

తాసెరె మోకాళ్ళ మీద ఉన్నాడు. రెండు పిడికిళ్ళూ నేలకి ఆన్చి ఉన్నాయి.

“ఈ గుమ్మంలో మొగుడూ పెళ్ళాల తగవులు విన్నాను, అన్నదమ్ముల తగవులు విన్నాను,” అన్నాడు నాబా. “మోసీకీ సామోకీ తగవని మా తాత కూడా వినలేదు. ఒరే సామో, వీడి బానిసనని ఒక్క ముక్క ఒప్పుకో. కొట్టేస్తాను కేసు.”

“ఒప్పుకుంటాను నాబా. ముందు వీడు మింగిన గాడిదల లెక్క చెప్పమనండి.”

ఒక పెద్దాయనకి నవ్వుతో దగ్గు వచ్చింది. తాసెరె అది ఆగేదాకా ఆగి, మాట్లాడాడు.

“గాస్పార్ తోయే రోజూ నన్ను బానిస అంటాడు. నేను గాడిదని తిన్నానంటాడు. తినలేదు. వద్దని చెప్పాను. ఇంకా అన్నాడు. అరిచాను. ఇంకా అన్నాడు. కొట్టాను. అందరూ నవ్వారు. నేను ఏం చేసినా నవ్వుతారు. వాణ్ణి నా పక్క నించి తీసెయ్యండి.”

వాకిలంతా నవ్వింది.

గాస్పార్ నోట్లో జవాబు సిద్ధంగా ఉంది. అది అనబోతూ తాసెరె వైపు చూశాడు. వీడి దొంగకోపం గాస్పార్‌కి కొత్త కాదు. కాలు నేలకేసి కొట్టేటప్పుడు కూడా తాసెరె ఒక కన్ను జనం మీద వేసి ఉంచేవాడు, ఆట ఎలా పండుతోందో చూసుకోడానికి. ఇప్పుడు ఆ కన్ను జనం వైపు వెళ్ళడం లేదు. ఎవరు మాట్లాడితే వాళ్ళ నోటి వైపు చూస్తున్నాడు. నోరు ఆగితే ఇంకొక నోటి వైపు చూస్తున్నాడు. చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోవడం లేదు.

“నాబా, నవ్వకండి,” అన్నాడు గాస్పార్. “ఇది ఆట కాదు.”

నవ్వు పెద్దదైంది.

“నిజంగా చెప్తున్నాను. వీడికి నిజంగా కోపం వచ్చింది.”

“చూశారా, సామో అబద్ధం కూడా ఎంత నిజంలా చెప్తాడో!” అన్నాడు దగ్గు వచ్చిన పెద్దాయన, కళ్ళు తుడుచుకుంటూ.

తను ఏం అన్నా ఆ నవ్వులోనే పడుతుందని గాస్పార్‌కి అర్థమైంది. ఇన్ని నెలలూ తాసెరె నిలబడి ఉన్నదీ ఇక్కడే.

టోపీ తీశాడు. తాసెరె ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

“తాసెరె గారూ,” అన్నాడు. “నేను మిమ్మల్ని బాధపెట్టాను. నన్ను మన్నించండి. రేపే నా కొట్టు అక్కణ్ణించి ఎత్తేస్తాను.”

ఒక సామో ఒక మోసీని ‘గారు’ అని పిలవడం ఆ వాకిట్లో ఎవరూ వినలేదు. నవ్వు ఆగిపోయింది. నాబా కుర్చీలో ముందుకి వంగి తాసెరె ముఖంలోకి చూశాడు.

“వీడికేమైంది?” అని అడిగాడు.

“నాకేం కాలేదు,” అన్నాడు తాసెరె. “వాడు వెళ్ళిపోతానన్నాడు. నేనిక ఇంటికి వెళ్ళొచ్చా?”

ఆ సాయంత్రం గాస్పార్ తాసెరె ఇంటికి వెళ్ళాడు. తాసెరె భార్య అజెతా వాకిట్లో జొన్నలు చెరుగుతోంది. చేట కింద పెట్టలేదు.

“ఎండాకాలం నించీ ఇంతే అన్నా. మా చెల్లెలు పోయిన రోజు నేను ఏడుస్తుంటే, కంట్లో ఏం పడిందన్నాడు. ఇప్పుడా వేళాకోళం అని తిట్టిపోశాను. చెయ్యి కడుక్కోడానికి చెంబు పడితే, చెంబు వైపు చూస్తూ కూర్చుంటాడు. కడుక్కో అంటే కడుక్కుంటాడు.”

“ఎవరికీ చెప్పలేదేమ్మా?”

“చెప్పాను. నీకూ చెప్పాను, పొకోకీ చెప్పాను. మా ఆయన తిక్కగా ఉంటున్నాడు అన్నాను. నవ్వారు.”

గాస్పార్‌కి గుర్తొచ్చింది. ‘గాడిద మాంసం తలకెక్కింది’ అన్నాడు తను.

సోమవారం ముగ్గురూ ఆస్పత్రికి వెళ్ళారు. డాక్టర్ సోమే అనే ఆవిడ చూసింది. తలకి ఫోటోలు తీయించింది. అవి వచ్చాక తాసెరెని ఎదురుగా కూర్చోబెట్టుకుంది. ఆవిడ లేచి, సంచీ భుజాన వేసుకుని, గోడ గడియారం వైపు చూసి, తలుపు పిడి మీద చెయ్యి వేసింది.

“నేనేం చేశాను?”

“లేచారు. సంచీ తగిలించుకున్నారు. గడియారం చూశారు. పిడి మీద చెయ్యి వేశారు.”

“ఎందుకు?”

తాసెరె ఆలోచించాడు. “చెయ్యి వెయ్యడానికి.”

డాక్టర్ వచ్చి, నవ్వుతూ గాస్పార్ వీపు మీద ఒక్కటి చరిచింది. “ఇది?”

“కొట్టారు.”

“ఆయనకి కోపం వచ్చిందా?”

తాసెరె గాస్పార్ ముఖం వైపు చూశాడు. “చెప్పలేదు కదా,” అన్నాడు.

అజెతా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఎండాకాలంలో పడిన రోజున మెదడులో కుడివైపు ఒక నెత్తురు నాళం మూసుకుపోయిందని డాక్టర్ చెప్పింది. చిన్న చోటు. చూపుకీ మాటకీ చేతిపనికీ ఇబ్బంది లేదు.

“ఎదుటి మనిషి చెయ్యి ఎత్తితే, కొట్టడానికా, పలకరించడానికా, తల గోక్కోడానికా అని మనం అడగం. వాళ్ళ చెయ్యి సగం లేచేసరికే మనకి తెలిసిపోతుంది. ఆ తెలియడానికి తలలో ఒక ఏర్పాటుంది. ఆయనకి అది దెబ్బతింది. చెయ్యి కనిపిస్తుంది. ఎందుకన్నది కనిపించదు.”

“మరి మా వరస?” అన్నాడు గాస్పార్.

“అది ఇంకా కష్టం. నోట్లో ఒకటి ఉంటుంది, మనసులో దానికి ఎదురుది ఉంటుంది. మీరు రెండూ ఒక్కసారే అందుకుంటారు. ఆయనకి నోట్లోదే అందుతోంది.”

“తిరిగొస్తుందా?”

“కొంత రావచ్చు. రాకపోవచ్చు. ఏదైనా చేసేముందు ఎందుకు చేస్తున్నారో చెప్తూ ఉండండి.”

గాస్పార్ అప్పటికే కొట్టు ఎత్తేశాడు. రోడ్డుకి అవతల, టైర్ల దుకాణం పక్కన చోటు దొరికింది. అక్కణ్ణించి తాసెరె మిషను కనిపిస్తుంది. పొద్దున్నే అటు తిరిగి, “నమస్కారం తాసెరె గారూ,” అనేవాడు. “నమస్కారం,” అనేవాడు తాసెరె. అంతే.

దుమ్ముగాలి వచ్చి పోయింది, ఎండలు వచ్చాయి. తాసెరె షాపు ముందు ఎవరైనా పొరుగూరి మనిషి గాడిదబండి ఆపితే, గాస్పార్ నోట్లోకి మాట వచ్చేసేది. దాన్ని మింగి, చక్రం తిప్పుకునేవాడు. ఇంట్లో భార్యతో, “ఇవాళ ఒకటి వచ్చింది, వింటావా?” అని చెప్పేవాడు. ఆవిడా సామోయే. నవ్వేది. కానీ ఆవిడ తిరిగి తిట్టడానికి లేదు. వరస కాదు.

“సందు చచ్చిపోయింది గాస్పార్ బాబాయ్,” అంది పొకో ఒకరోజు, గారెలు పొట్లం కట్టి ఇస్తూ. “నూనె కాగే చప్పుడు నాకే వినిపిస్తోంది.”

మొదటి వాన పడిన మర్నాడు తాసెరె రోడ్డు దాటి వచ్చాడు. గాస్పార్ లేచి నిలబడ్డాడు.

“కూర్చోండి తాసెరె గారూ.”

“ఒకటి అడగాలి,” అన్నాడు తాసెరె, నిలబడే. “మా నాన్నని పాతిపెట్టిన రోజు నువ్వు గోతిలో దిగి పడుకున్నావు. ఔనా?”

“ఔనండీ.”

“లేవనన్నావు. ఈ చోటు నాది, ముసలాణ్ణి ఇంటికి తీసుకుపోండి అన్నావు. నేను నవ్వాను. అంతకుముందు రెండ్రోజులుగా నేను మాట్లాడలేదు. ఎందుకు నవ్వానో ఇప్పుడు నాకు తెలియదు. నవ్విన సంగతి గుర్తుంది.”

గాస్పార్ స్టూలు అతని దగ్గరికి జరిపాడు. తాసెరె కూర్చోలేదు.

“ఆ రోజు వాన పడింది. గోతిలో ఎర్రమట్టి. నువ్వు తెల్ల అంగీతో పడుకున్నావు. అది నేను కుట్టిందే, నీకు అదొక్కటే ఉండేది. నూలుబట్టకి ఎర్రమట్టి అంటుకుంటే పోదు. పోదని కుట్టేటప్పుడే చెప్పాను నీకు. అవతలివాణ్ణి బాధపెట్టాలనుకునేవాడు తన బట్ట పాడుచేసుకోడు. చాలా రోజులు ఆలోచించాను. మనుషుల సంగతి చూస్తే తెలియడం లేదు. ఇలా లెక్క కట్టుకుంటే తెలుస్తోంది. నాబాకి కూడా చెప్పి వచ్చాను. నువ్వు మళ్ళీ పక్కకి రా.”

“వస్తే నా నోరు ఊరుకోదండీ.”

“తిట్టేముందు చెప్పు. ఇది ఆట అని చెప్పి తిట్టు. అప్పుడు కొట్టను.”

“మీరు నవ్వరు కదా.”

“నవ్వను. నువ్వు నవ్వుకో.”

గాస్పార్ చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు. తుడిచిన చేతులే మళ్ళీ తుడుచుకున్నాడు.

“ఇది ఆట,” అన్నాడు.

“సరే.”

“ఏరా గాడిద తలకాయా, ఇన్ని నెలలు పట్టిందా నీకు రోడ్డు దాటడానికి?”

తాసెరె రోడ్డు వైపు తిరిగి చూశాడు.

“ఆట,” అన్నాడు. “రోడ్డు చిన్నదే.”

అవతల పొకో ఫక్కున నవ్వి, చేత్తో నోరు మూసుకుంది. తాసెరె ఆమె వైపు చూశాడు. “అది ఎందుకు?” అని గాస్పార్‌ని అడిగాడు.

“మనం మాట్లాడుకుంటున్నామని.”

“మంచిదేనా?”

“మంచిదే.”

తాసెరె తల ఊపాడు.

బుధవారం పొద్దున గాస్పార్ పానాల పెట్టె, గాలి పంపు మోసుకెళ్ళి పాత కొట్లో పెట్టాడు. పనిబల్ల మిగిలింది. టేకు బల్ల, ఒక్కడివల్ల కాదు. తాసెరె వచ్చి రెండో చివర దగ్గర నిలబడ్డాడు.

“ఎత్తుతున్నాను, అటు తీసుకెళ్ళడానికి,” అన్నాడు గాస్పార్.

తాసెరె ఎత్తాడు. రోడ్డు మధ్యకి వచ్చేసరికి ఒక లారీ ఆగి దారి ఇచ్చింది. “మన కోసం ఆగింది,” అన్నాడు గాస్పార్. దాటారు. కొట్టు ముందుకి వచ్చారు.

“దించుతున్నాను,” అన్నాడు గాస్పార్.

తాసెరె దించాడు.